పాయింట్ గార్డ్ కెరీర్: నెల్లూరు, ప్రకాశం జిల్లాల పిల్లలు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో పొద్దున పూట పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పిస్తుంటాను. ఒకప్పుడు యూనివర్సిటీ జట్టులో పాయింట్ గార్డ్‌గా ఆడాను. కోర్టు గేటు దగ్గర నాన్నలు, ఫోన్లో అమ్మలు, కావలి నుంచీ ఒంగోలు నుంచీ పిల్లలు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. వాళ్లు అడిగిన మాటల్లోనే రాసి జవాబులు పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన చోటు నుంచి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

పాయింట్ గార్డ్ అంటే కెప్టెనా? స్కోరు చేసేది వేరేవాళ్లయితే వీడి గొప్పేంటి?

కెప్టెన్ ఎవరైనా కావచ్చు. పాయింట్ గార్డ్ అంటే బంతిని పైకి తెచ్చి, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పి, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో తేల్చే ఆటగాడు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం బంతి చేతికొచ్చాక 8 సెకన్లలో సగం గీత దాటాలి, 24 సెకన్లలో షాట్ వేయాలి. షాట్ రింగుకు తగిలి బంతి మళ్లీ మనకే దొరికితే మిగిలేది 14 సెకన్లే. ఆ గడియారాన్ని మనసులో లెక్కపెట్టుకుంటూ మిగతా నలుగురినీ కదిలించడం ఇతని పని. పెళ్లి భోజనాల్లో ఏ ఆకులో ఏం అయిపోయిందో చూసి వడ్డించేవాళ్లను అటు పంపే మనిషి ఒకాయన ఉంటాడు కదా, అలాంటి పని. ఆయన తినడు, కానీ ఆయన లేకపోతే సగం మంది ఆకుల్లో కూర ఉండదు.

మనం ఇచ్చిన పాస్‌తో అవతలివాడు వెంటనే బాస్కెట్ వేస్తే దాన్ని అసిస్ట్‌గా లెక్కిస్తారు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో జాన్ స్టాక్టన్ 19 సీజన్లలో 15,806 అసిస్ట్‌లు చేశాడు. క్రిస్ పాల్ అంతటివాడు రెండో స్థానంలో ఉన్నా 13 వేలు దాటలేదు.

మా వాడు పొట్టి. 5 అడుగుల 6 అంగుళాల దగ్గర ఆగిపోయేలా ఉన్నాడు. ఆశ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. అయిదు స్థానాల్లో ఎత్తు తక్కువైనా నెగ్గుకు రాగలిగిన స్థానం ఇదొక్కటే. మగ్సీ బోగ్స్ ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు. ఐజయా థామస్ 5 అడుగుల 9 అంగుళాల మనిషి, 2011 డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) అందరికన్నా చివర, 60వ పేరుగా పిలిచారు.

అయితే ఒక నిజం కూడా చెప్పాలి. ఎత్తున్న పిల్లాడికి దొరికే ఓపిక పొట్టి పిల్లాడికి దొరకదు. ఎత్తైనవాడు తప్పు చేస్తే నేర్చుకుంటాడులే అంటారు, పొట్టివాడు అదే తప్పు చేస్తే బెంచీ మీద కూర్చోబెడతారు. ఇది అన్యాయమే. కాబట్టి మీవాడు ఎడమ చేత్తో బంతిని నేలకు కొడుతూ నడిపించే డ్రిబ్లింగ్‌లో, డిఫెన్స్‌లో, ఫౌల్ జరిగితే ఎవరూ అడ్డుకోకుండా వేయనిచ్చే ఫ్రీ త్రోల్లో తోటివాళ్లకన్నా చాలా ముందుండాలి.

మన వైపు పిల్లలకు ఒక మేలుంది. చిన్నప్పుడు కబడ్డీ ఆడినవాళ్లకు నడుము వంచి, పాదాలు కదుపుతూ, ఎదుటివాడి కాళ్లు చూసే అలవాటు ముందే ఉంటుంది. గార్డ్ డిఫెన్స్‌కు కావలసింది సరిగ్గా అదే.

ఏ వయసులో మొదలుపెట్టాలి? తొమ్మిదో తరగతిలో చేరితే ఆలస్యమా?

తొమ్మిది, పదేళ్లకు మొదలైతే మంచిది. తొమ్మిదో తరగతిలో చేరినా ఆడొచ్చు, కాకపోతే బంతి మీద పట్టు కోసం రెట్టింపు కష్టపడాలి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు 5వ సైజు బంతి ఇవ్వండి. అమ్మాయిలు 6, అబ్బాయిలు 7 సైజుతో ఆడేది ఆ తర్వాతే. చిన్న చేతుల్లో 7వ సైజు బంతి పెడితే రెండు చేతులతో విసిరే షాట్ అలవాటైపోతుంది. దాన్ని మాన్పించడానికి నాకు ఒక్కో పిల్లాడి మీద ఏడాది పట్టిన సందర్భాలున్నాయి.

మా ఊళ్లో ఇండోర్ కోర్టు లేదు. సిమెంటు కోర్టు మీద నేర్చుకుంటే సరిపోతుందా?

నేర్చుకోవడానికి సరిపోతుంది. రింగు 3.05 మీటర్ల ఎత్తులో ఉందో లేదో ఒక్కసారి టేపు పెట్టి కొలవండి. చాలా స్కూళ్లలో స్తంభం కుంగి రింగు కిందికి దిగి ఉంటుంది. మూడు పాయింట్ల గీత 6.75 మీటర్ల దగ్గర లేకపోతే సుద్దతో గీసుకోండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాను వానలకు కోర్టు పాకుడు పడుతుంది. ఆ రోజుల్లో పరుగులు వద్దు. వరండాలో నిలబడి బంతి పట్టు, గోడకు పాస్‌లు చాలు. వేసవిలో ఉదయం అయిదున్నరకు మొదలుపెట్టి ఏడున్నరకల్లా ముగించాలి.

## స్కూలు, జిల్లా స్థాయి

ప్రాక్టీసులో డ్రిబ్లింగ్ అదరగొడతాడు, మ్యాచ్‌లో మాత్రం బంతి పోగొట్టుకుంటాడు. ఎందుకు?

ఎందుకంటే వాడు బంతినే చూస్తున్నాడు. నాకు అందరికన్నా ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నా దగ్గర ఏడో తరగతి పిల్లాడు ఒకడుండేవాడు. రెండు కాళ్ల మధ్య నుంచి, వీపు వెనక నుంచి బంతిని పాములా తిప్పేవాడు. ఒక రోజు ఎదురుగా నిలబడి, డ్రిబుల్ చేస్తూనే నేను ఎన్ని వేళ్లు చూపిస్తున్నానో చెప్పమన్నాను. మూడు చూపిస్తే వాడి తల కిందికి, పైకి, మళ్లీ కిందికి. జవాబు వచ్చేలోపు బంతి బూటుకు తగిలి పక్కకు దొర్లింది. వాడి చేతులు నేర్చుకున్నాయి, కళ్లు ఇంకా నేర్చుకోలేదు. అప్పటి నుంచి వాడికి కొత్త విద్యలేవీ నేర్పలేదు. రోజూ ఇరవై నిమిషాలు మామూలు డ్రిబుల్, ఎదురుగా నా వేళ్లు, అంతే. రెండు నెలలకు వేళ్లు చెప్పడమే కాదు, నా వెనక ఎవరు నడుస్తున్నారో కూడా చెప్పేవాడు.

ఇంకో కారణం కోర్టులో ఒక మూల. సగం గీత దాటగానే పక్క గీత దగ్గర ఆగితే చిక్కుకుపోతాం. వెనక్కి వెళ్తే ఫౌల్ కాకపోయినా బంతి అవతలివాళ్లకు పోతుంది, పక్కన గీత ఉంది, ముందు ఇద్దరు డిఫెండర్లు. ఆ రెండు గీతలే మరో ఇద్దరు డిఫెండర్లతో సమానం. యూనివర్సిటీ రోజుల్లో ఒక నాకౌట్ మ్యాచ్‌లో ఒక్క పాయింట్ ఆధిక్యం ఉండగా, ఇరవై సెకన్లు మిగిలి ఉండగా, నేను సరిగ్గా అక్కడే డ్రిబుల్ ఆపి బంతిని రెండు చేతులతో పట్టుకున్నాను. అలా పట్టుకున్నాక కదలడానికి దారే ఉండదు. పాస్ విసిరాను, అవతలివాడు అందుకున్నాడు, మేం ఓడిపోయాం. ఆ మూలకు నా పిల్లలెవరినీ పోనివ్వను. మధ్యలోంచి బంతి తెండి, ఇద్దరు మీదికొస్తుంటే రెండు అడుగులు వెనక్కి వేసి ఖాళీగా ఉన్నవాడిని చూడండి, డ్రిబుల్ మాత్రం ఆపకండి.

రోజుకు ఎన్ని గంటలు ఆడాలి?

స్కూలు పిల్లలకు గంటన్నర నుంచి రెండు గంటలు, వారానికి అయిదారు రోజులు. అందులో సగం సమయం బంతి పట్టు, పాస్‌లు, షూటింగ్ మీద పెట్టాలి. ఒట్టి మ్యాచ్‌లే ఆడిస్తే నేర్చిన తప్పులే గట్టిపడతాయి. ఇంటికెళ్లే ముందు 20 ఫ్రీ త్రోలు వేయించి ఎన్ని పడ్డాయో నోటు పుస్తకంలో రాయించండి. బాగా అలిసిపోయాక వేసినవే లెక్కలోకి తీసుకోవాలి, మ్యాచ్‌లో వేసేది అప్పుడే కాబట్టి.

స్కూల్ గేమ్స్ వేరు, అసోసియేషన్ పోటీలు వేరు అంటున్నారు. రెండూ ఆడాలా?

అవును, రెండు దారులు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ దారిలో మండలం, జిల్లా, రాష్ట్రం మీదుగా జాతీయ స్కూల్ గేమ్స్ దాకా వెళ్తారు. అక్కడ అండర్ 14, 17, 19 విభాగాలుంటాయి. ఇంకో దారి జిల్లా బాస్కెట్‌బాల్ అసోసియేషన్ నుంచి రాష్ట్ర అసోసియేషన్‌కు, అక్కడి నుంచి భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య నడిపే సబ్ జూనియర్, యూత్, జూనియర్, సీనియర్ జాతీయ పోటీలకు. వీలైతే రెండూ ఆడండి. పుట్టిన తేదీ ధ్రువపత్రం, ఆధార్, స్కూలు రికార్డు మూడింటిలో తేదీ, పేరు స్పెల్లింగ్ ఒకేలా ఉండాలి. ఒక్క అక్షరం తేడా వల్ల సెలక్షన్ రోజు గేటు దగ్గరే ఆగిపోయిన పిల్లలను చూశాను.

సెలక్షన్స్‌లో పాయింట్ గార్డ్‌లో ఏం చూస్తారు? స్కోరు కొట్టకపోతే కనబడడేమో అని టెన్షన్.

ఆ టెన్షన్‌తోనే చాలామంది సెలక్షన్ పాడుచేసుకుంటారు. ముక్కూమొహం తెలియని నలుగురితో కలిపి ఆడిస్తారు. ఆ నలుగురి పేర్లు మొదటి రెండు నిమిషాల్లో తెలుసుకుని, పేరు పెట్టి పిలిచి ఆడించే పిల్లాడు వెంటనే కళ్లబడతాడు. గొంతు వినబడాలి. బంతి పోయాక తల పట్టుకోకుండా వెనక్కి పరిగెత్తాలి. ఖాళీ షాట్ వస్తే మాత్రం జంకకుండా వేయాలి, షాట్ వేయని గార్డ్‌ను డిఫెండర్లు వదిలేసి మిగతావాళ్ల మీద పడతారు.

సెలక్షన్లలో సిఫార్సులుంటాయా అని కూడా అడుగుతారు. ఒకసారి నా పేరు జాబితాలో ఉండి, మర్నాటికి లేకుండా పోయింది. ఆ బాధ నాకు తెలుసు. ఆ ఏడాది ఇంట్లో కూర్చోకుండా పక్క జిల్లాలో ఓపెన్ టోర్నమెంట్లు ఆడాను, మరుసటి ఏడు తీసేయలేకపోయారు.

ఇంటర్లో చేరాక ఆట మానేయాల్సిందేనా?

మన జిల్లాల్లో గార్డ్‌లు తగ్గిపోయేది ఇక్కడే. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లున్న కాలేజీలో చేర్చి, ఆట కూడా ఆడాలంటే కుదరదు. కాలేజీలో చేర్చే ముందే ప్రిన్సిపాల్‌ను అడగండి: గ్రౌండ్ ఉందా, టోర్నమెంట్‌కు పంపుతారా, అటెండెన్స్ ఇస్తారా? మాటతో సరిపెట్టుకోకండి, దరఖాస్తు మీద రాయించుకోండి. రెండేళ్లు పూర్తిగా ఆపాల్సి వస్తే కనీసం రోజుకు అరగంట బంతి పట్టు, వారానికి రెండుసార్లు షూటింగ్ ఉండేలా చూడండి. చదువు మాన్పించమని నేనెప్పుడూ చెప్పను. మన దేశంలో ఈ ఆటకు ఉద్యోగం కావాలంటే డిగ్రీ కూడా కావాలి.

అమ్మాయికి ఈ ఆటలో భవిష్యత్తు ఉందా? షార్ట్స్ వేసుకోవాలని ఇంట్లో ఒప్పుకోవడం లేదు.

ఉంది. అనితా పాల్‌దురై మన పక్కనున్న చెన్నై అమ్మాయి. భారత జట్టుకు కెప్టెన్‌గా ఆడింది, సదరన్ రైల్వేలో ఉద్యోగం చేసింది, 2021లో పద్మశ్రీ అందుకుంది. 2019లో ప్రశాంతి సింగ్‌కూ పద్మశ్రీ వచ్చింది. అమెరికాలో సూ బర్డ్ అనే పాయింట్ గార్డ్ ఒకే జట్టు సియాటిల్ తరఫున 2022 దాకా ఆడి, అయిదు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది. బట్టల సంగతికొస్తే, షార్ట్స్ కింద జట్టు రంగులో ఫుల్ టైట్స్ వేసుకుని ఆడే అమ్మాయిలు చాలామంది ఉన్నారు. అమ్మమ్మను ఒకసారి మ్యాచ్‌కు తీసుకురండి. నా అనుభవంలో ఎక్కువ ఇళ్లలో మాట మారింది అలాగే.

## కాలేజీ, యూనివర్సిటీ స్థాయి

చెన్నై వెళ్తే తప్ప పైకి రాలేరా?

తప్పనిసరి కాదు, కానీ ఉపయోగం చాలా ఉంది. దేశంలో బాస్కెట్‌బాల్ బాగా వేళ్లూనుకున్న నగరాల్లో చెన్నై ఒకటి. బ్యాంకు జట్లు, రైల్వే, ఆదాయపు పన్ను శాఖ, కాలేజీ జట్లు అక్కడ తరచూ తలపడుతుంటాయి. నెల్లూరు నుంచి రైల్లో మూడు గంటల లోపు ప్రయాణం, ఒంగోలు నుంచి ఇంకో గంటన్నర, రెండు గంటలు ఎక్కువ. డిగ్రీకి అక్కడ స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తే ఫీజు రాయితీ, హాస్టల్ గురించి రాతపూర్వకంగా అడగండి. సీటు రాకపోయినా వేసవి సెలవుల్లో నెల రోజులు వెళ్లి ఆడిరండి. తనకన్నా మంచి గార్డ్ ఎదురుపడితేనే మీవాడి లోపం వాడికి తెలుస్తుంది.

ఇక్కడి యూనివర్సిటీ తరఫున ఆడితే విలువ ఉంటుందా?

ఉంటుంది. విక్రమ సింహపురి అయినా, ఒంగోలులోని ఆంధ్ర కేసరి అయినా యూనివర్సిటీ జట్టుకు ఎంపికైతే సౌత్ జోన్ అంతర విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్తారు. కేంద్ర ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో అంతర విశ్వవిద్యాలయ పోటీల సర్టిఫికెట్‌కు ప్రత్యేక ఫారమే ఉంది. మొదటి ఏడాది నుంచే సెలక్షన్లకు వెళ్లండి.

## ప్రొఫెషనల్ దశ

మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆడి బతకగలమా? జీతం ఎవరిస్తారు?

బతకగలరు, కాకపోతే క్రికెట్ దారిలో కాదు. ఇక్కడ మంచి ఆటగాళ్లలో ఎక్కువమందికి జీతం ఉద్యోగం నుంచే వస్తుంది. రైల్వే, ఆర్మీ, వైమానిక దళం, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్, ఆదాయపు పన్ను, కస్టమ్స్ లాంటి సంస్థలకు జట్లున్నాయి. ఉద్యోగంలో చేరి, ఆ సంస్థ జట్టుకు ఆడతారు. ఉదయం, సాయంత్రం ప్రాక్టీసు, టోర్నమెంట్లకు డ్యూటీ మీద పంపుతారు.

లీగులూ వచ్చాయి. 2015లో మొదలైన యూబీఏ అనే లీగ్ కొన్ని సీజన్లకే ఆగిపోయింది. 2022లో ఐఎన్‌బీఎల్ అనే ఇంకో లీగ్ మొదలైంది. లీగ్ డబ్బు వస్తే సంతోషం, కానీ ఇల్లు గడిచేది దాని మీదే అనుకుని ఉద్యోగం వదులుకోవద్దు.

విశేష్ భృగువంశీ దారి చూడండి. వారణాసి కుర్రాడు, గార్డ్, భారత జట్టుకు కెప్టెన్‌గా ఆడాడు. ఓఎన్‌జీసీ ఉద్యోగం చేస్తూ ఆడాడు. 2017లో ఆస్ట్రేలియా లీగ్ జట్టు అడిలైడ్‌తో ఒప్పందం దక్కింది, 2020లో అర్జున అవార్డు వచ్చింది. మన పిల్లలకు చూపించాల్సిన కెరీర్ అది.

స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి జిల్లా సర్టిఫికెట్ చాలా?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు చాలదు. రాష్ట్రం తరఫున జాతీయ పోటీ, యూనివర్సిటీ తరఫున అంతర విశ్వవిద్యాలయ పోటీ, లేదా జాతీయ స్కూల్ గేమ్స్ ఆడి ఉండాలి. ఒక్కోదానికి వేరే ఫారం, సంతకం చేసే అధికారి కూడా వేరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచారు. పోటీ ముగిసిన వారంలోనే ఫారం మీద సంతకం తీసుకోండి. అయిదేళ్ల తర్వాత వెళ్తే ఆ అధికారి బదిలీ అయిపోయి ఉంటారు, రికార్డు వెతికే ఓపిక ఎవరికీ ఉండదు.

ఎన్‌బీఏకు వెళ్లే అవకాశం ఎంత?

చాలా చాలా తక్కువ. అక్కడ 30 జట్లు, ఒక్కో జట్టులో పూర్తి ఒప్పందంతో 15 మంది. ఏటా డ్రాఫ్ట్‌లో పిలిచేది రెండు రౌండ్లలో 60 పేర్ల దాకా, అదీ ప్రపంచం మొత్తం మీద. మన దేశంలో పుట్టి డ్రాఫ్ట్‌లో పిలుపు అందుకున్న మొదటివాడు పంజాబ్‌కు చెందిన సత్నామ్ సింగ్. 2015లో డల్లాస్ జట్టు 52వ పేరుగా తీసుకుంది. అతను ఏడడుగులు దాటిన సెంటర్ (రింగు దగ్గర ఆడే ఎత్తైన ఆటగాడు), అయినా ఎన్‌బీఏ లీగ్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేకపోయాడు. మన దగ్గరి నుంచి గార్డ్ వెళ్లడం అంతకన్నా కష్టం. పిల్లాడు కల కంటే కననివ్వండి. కానీ ఎన్‌బీఏలో పెట్టిస్తామని చెప్పి లక్షలు అడిగే ట్రయల్స్‌కు మాత్రం ఒక్క రూపాయి కట్టకండి.

పాతికేళ్లు దాటాయి. ఇంక అయిపోయినట్టేనా?

గార్డ్‌కు కాదు. ఈ స్థానంలో బుర్ర ఆలస్యంగా పండుతుంది. అర్జెంటీనా గార్డ్ పాబ్లో ప్రిజియోని స్పెయిన్‌లో ఏళ్ల తరబడి ఆడి, 2012లో 35 ఏళ్ల వయసులో ఎన్‌బీఏలో అడుగుపెట్టాడు. క్రిస్ పాల్ 40 ఏళ్లు నిండబోతూ 2024-25 సీజన్‌లో మొత్తం 82 మ్యాచ్‌లూ ఆడాడు. అయితే ఉద్యోగ నోటిఫికేషన్లకు వయోపరిమితి ఉంటుంది, దాన్ని మాత్రం దాటనివ్వకండి.

## ఒళ్లు, మనసు

చీలమండ బెణికింది. పుత్తూరు కట్టు కట్టించి పది రోజుల్లో ఆడొచ్చా?

ముందు ఎముక డాక్టర్‌కు చూపించి, విరగలేదని తేల్చుకోండి. నాలుగడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తప్పనిసరి. వాపు తగ్గినంత మాత్రాన నయమైనట్టు కాదు. ఒంటికాలి మీద ముప్పై సెకన్లు కదలకుండా నిలబడగలగాలి, నొప్పి లేకుండా ఒంటికాలితో గెంతగలగాలి, ఆ తర్వాతే కోర్టు. నేను తొందరపడి పదకొండో రోజు ఆడాను. అదే చీలమండ ఆ సీజన్లో మూడుసార్లు బెణికింది.

ఎన్‌బీఏ గార్డ్ స్టీఫెన్ కర్రీకి కూడా కెరీర్ మొదట్లో ఇదే బాధ. 2011-12 సీజన్లో 26 మ్యాచ్‌లే ఆడగలిగాడు, ఆపరేషన్లు జరిగాయి. తర్వాత భారం చీలమండ మీద పడకుండా తుంటి, పిరుదుల కండరాలు బలపరుచుకున్నాడు. 2015-16లో 402 మూడు పాయింట్ల బాస్కెట్లు వేసింది అతనే. మన పిల్లలు రోజూ పది నిమిషాలు గుంజీళ్లు, ఒంటికాలి వ్యాయామాలు చేస్తే చాలావరకు కాపాడుకోవచ్చు.

మోకాలి లిగమెంట్ తెగింది, ఆపరేషన్ అన్నారు. ఇక ఆట అయిపోయినట్టేనా?

అయిపోలేదు, కానీ తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా పడుతుంది. ఫిజియోథెరపీ మధ్యలో మానేసేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. డెరిక్ రోజ్ 22 ఏళ్లకే ఎన్‌బీఏలో అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. 2012 ఏప్రిల్‌లో మోకాలి లిగమెంట్ తెగి మరుసటి సీజన్ అంతా ఆడలేకపోయాడు. మళ్లీ మునుపటి వేగం రాలేదు. అయినా వదిలిపెట్టకుండా ఆడి, 2018 అక్టోబర్ 31న ఒకే మ్యాచ్‌లో 50 పాయింట్లు చేశాడు. ఆ రాత్రి కోర్టులోనే ఏడ్చాడు. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకూ గొంతు పట్టేస్తుంది.

ప్రొటీన్ పౌడర్ వాడొచ్చా?

స్కూలు పిల్లలకు అవసరం లేదు. గుడ్లు, పాలు, పప్పు, వేరుశనగ, మనకు దొరికే చేపలు సరిపోతాయి. జాతీయ స్థాయికి వెళ్లినవాళ్లకు జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) చేసే డోప్ పరీక్షలుంటాయి, అంటే నిషేధించిన మందులు వాడారేమో చూస్తారు. డబ్బా మీద రాయని పదార్థం ఒంట్లో దొరికినా బాధ్యత ఆటగాడిదే. దగ్గు మందైనా సరే, డాక్టర్‌కు మీరు క్రీడాకారులని చెప్పి తీసుకోండి.

ఓడిపోయినప్పుడల్లా అందరూ మావాణ్నే అంటారు. రాత్రిళ్లు నిద్రపోవడం లేదు.

బంతి ఎక్కువసేపు ఇతని చేతిలో ఉంటుంది కాబట్టి నింద కూడా ఇతని మీదికే వస్తుంది. మ్యాచ్ అయిన రాత్రి ఇంట్లో ఆట గురించి ఎత్తకండి. అన్నం పెట్టి పడుకోనివ్వండి. వారాలు గడిచినా నిద్ర, తిండి సరిగా లేకపోతే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి, అందులో నామోషీ ఏమీ లేదు. స్పెయిన్ గార్డ్ రికీ రూబియో 14 ఏళ్లకే అక్కడి పెద్ద లీగ్‌లో ఆడినవాడు. 2023లో మనసు బాగాలేదని బాహాటంగా చెప్పి ఆటకు విరామం ఇచ్చాడు, కొన్ని నెలలకు ఎన్‌బీఏ నుంచి తప్పుకున్నాడు. ఆ మాట చెప్పినందుకు నాకు అతని మీద గౌరవం పెరిగింది.

## ఆడటం ఆపేశాక

ఆట ముగిశాక ఏం చేస్తారు?

సంస్థ ఉద్యోగం ఉన్నవాళ్లకు అదే కొనసాగుతుంది. కోచ్ కావాలంటే పాటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా చేయాలి. స్కూలు, కాలేజీల్లో వ్యాయామ ఉపాధ్యాయులు కావాలంటే బీపీఈడీ, ఎంపీఈడీ. పాయింట్ గార్డ్‌లు కోచ్‌లుగా త్వరగా కుదురుకుంటారు. జేసన్ కిడ్ 2011లో డల్లాస్ ఆటగాడిగా టైటిల్ గెలిచాడు, అదే జట్టును కోచ్‌గా 2024 ఫైనల్స్‌కు తీసుకెళ్లాడు.

రెఫరీగా చేయొచ్చా? దానికి పెద్ద ఆటగాడై ఉండాలా?

అక్కర్లేదు. రాష్ట్ర అసోసియేషన్ రెఫరీల పరీక్ష ఎప్పుడు పెడుతుందో జిల్లా కార్యదర్శిని అడగండి. రాత పరీక్ష, ఫిట్‌నెస్ పరీక్ష ఉంటాయి. ఆలోగా మీ ఊళ్లో స్కూల్ టోర్నమెంట్లకు టేబుల్ దగ్గర కూర్చుని స్కోరు షీటు రాయడం నేర్చుకోండి. మన రెండు జిల్లాల్లో 24 సెకన్ల గడియారం సరిగ్గా నడపగలిగే మనుషుల కోసం ప్రతి టోర్నమెంటులో వెతుక్కుంటున్నాం.